ఎనభై తొమ్మిది కిలోల మొక్కు

జనవరి ఒకటో తేదీ పేపర్లో బరువు తగ్గడం మీద ఒక పేజీ ఉండాలన్నది మా డెస్కులో రాయని నియమం. కరీంనగర్‌లో చాలా ఏళ్లు ఆ పేజీ నాదే. నడుముకు టేపు చుట్టుకున్న సన్నని అమ్మాయి ఫొటో, పక్కన ఏం తినాలి, ఏం తినకూడదు. సగానికి పైగా వెనకటి ఏడాది పేజీలోంచే తీసుకునేవాణ్ణి. మిర్చీ బజ్జీ తింటూ ‘నూనె వస్తువులకు దూరం’ అని శీర్షిక పెట్టిన రోజులున్నాయి. మొన్నటి డిసెంబరులో మాత్రం ఈ పేజీ నేను చేయనని చెప్పాను. ఎందుకని ఎవరూ అడగలేదు, ఇంకొకరికి ఇచ్చారు. అప్పటికి మా అక్క పోయి పది నెలలు కావస్తోంది.

అక్క హుజూరాబాద్‌లో జాకెట్లు కుట్టేది. చిన్నప్పటి నుంచీ లావు మనిషి. బడిలో, పెళ్లిచూపుల్లో, బస్సులో ముగ్గురు కూర్చునే సీటు దగ్గర, ఎక్కడైనా ముందు ఆమె ఒంటి గురించే మాట వచ్చేది. అందుకేనేమో, కుట్టించుకోవడానికి వచ్చిన ఆడవాళ్ల కొలతలు పైకి చదివేది కాదు. టేపు చూసి చప్పుడు లేకుండా పుస్తకంలో రాసుకునేది. ప్రతి జాకెట్టుకూ కుట్టు లోపల రెండు వేళ్ల గుడ్డ ఎక్కువ వదిలేది. "రేపు ఒళ్లొస్తె కుట్టు ఇప్పుకుంటరు. ఒళ్లొచ్చిందని జాకెట్టు పారేస్తరా?" అనేది.

నాలుగేళ్ల కింద వానాకాలంలో నాకు డెంగీ వచ్చి ప్రాణం మీదికి తెచ్చింది. ఆస్పత్రి వరండాలో నిలబడి అక్క సమ్మక్కకు మొక్కింది. తమ్ముడు లేచి నడిస్తే తన నిలువెత్తు బంగారం ఇస్తానని. మా వైపు ఆ తల్లికి ఇచ్చే బెల్లాన్నే బంగారం అంటాం. మొక్కినవాళ్లు జాతరకు ముందు బెల్లం దుకాణంలో కాంటా ఎక్కుతారు. మనిషి ఎంత బరువుంటే అంత బెల్లం. దుకాణం సేటు ఆ అంకెను బజారంతా వినబడేలా పిలుస్తాడు. చుట్టూ ఉన్నవాళ్లు దండం పెడతారు.

నేను లేచి తిరిగాను. మాఘంలో జాతర వచ్చింది. ఇంట్లో మొక్కు మాట రాగానే బావ, "మీ అక్కకు ఒక్క దుకాణం సాలదు బామ్మర్దీ. ట్రాలీ మాట్లాడాలె" అన్నాడు. నేను ఊరుకోకుండా ఇంకో మాట కలిపాను.

"జర తగ్గినంక తీర్చుకో అక్కా. బెల్లం మిగులుతది."

అక్క కూడా నవ్వింది. కానీ దుకాణానికి రాలేదు. "వచ్చే జాతరకు ఇస్త తియ్" అంది. జాతర రెండేళ్లకొకసారి. బజారులో అంతమంది ముందు ఆ అంకె వినే ధైర్యం ఆమెకు లేదని నాకు అర్థమైంది. అర్థమై కూడా ఏమీ అనలేదు.

తర్వాతి జనవరిలో వాళ్లింటికి పోతే, కుట్టు మిషను ఎదురుగా గోడకు నా పేజీ అంటించి ఉంది. రాసినవాడికి అంతకంటే ఏం కావాలి? సంతోషపడ్డాను.

"రాత్రి బువ్వ బంద్ పెట్టిన తమ్మీ. నువ్వు రాసినట్టే, పొద్దుగాల నిమ్మకాయ నీళ్లు, పొద్దూకినంక ఒక్క రొట్టె."

"ఆకలైతలేదా?"

"ఎందుకు గాదు? అయితె మిషిన్ తొక్కుత. ఆ సప్పుడుల తెల్వది."

మొదట్లో పెద్దగా తగ్గలేదు. ఆ ఏడు దసరా దాటాక మాత్రం ఒక్కసారిగా చిక్కిపోవడం మొదలైంది. తన జాకెట్లు తనే విప్పి బిగించుకుంది. వాడకట్టు ఆడవాళ్లు గడప దగ్గరే పట్టుకునేవారు.

"గిప్పుడు మంచిగున్నవ్ వదినె. ఏం తింటున్నవో మాక్కూడ జెప్పరాదు?"

"ఏం తింటలేనే. గదే మందు."

బావ కొత్త చీర తెచ్చాడు. నేను ఫొటోగ్రాఫరును పంపించాను. ఆ జనవరి ఒకటిన నా పేజీలో పాత ఫొటో, కొత్త ఫొటో పక్కపక్కన వేసి, ‘పట్టుదలతో గెలిచిన గృహిణి’ అని రాశాను. అక్క నాలుగు పేపర్లు తెప్పించి దాచుకుంది.

పదిహేను రోజులు కాకముందే మిషను మీదే తూలి పడిపోయింది. కరీంనగర్ తీసుకొచ్చి పరీక్షలు చేయించాం. కడుపులో గడ్డ. చుట్టూ పాకింది, కోయడానికి లేదన్నారు.

"ఆకలి ఎప్పటి నుంచి లేదమ్మా?" అని డాక్టరు అడిగాడు.

"దసరా కాడి నుంచి సార్. పీడ పోయింది, మంచిగనే అయింది అనుకున్న."

"ఇంత తొందరగా తగ్గుతుంటే ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదా?" ఈ ప్రశ్న నాకు. మేము చప్పట్లు కొట్టాం, పేపర్లో వేశాం.

ఆ నెలాఖరుకు జాతర సందడి మొదలైంది. వద్దన్నా వినకుండా అక్క బెల్లం దుకాణానికి బయలుదేరింది. ఆటోలో నేను, బావ చెరోవైపు పట్టుకుని తీసుకుపోయాం. దుకాణం ముందు జనం చాలామందే ఉన్నారు. చెయ్యి పట్టి కాంటా ఎక్కించాను.

"యాభై ఒకటి!" అని సేటు పిలిచాడు.

వెనక నిలబడ్డ ఒకామె, "ఎంత సన్నగైనవ్ అక్కా, పేపర్ల సూసిన నిన్ను" అంది.

అక్క కాంటా దిగలేదు. "గది గాదు సేటూ. ఎనభై తొమ్మిది కిలోలు జోకు."

"మిషిన్ల ఎంతొస్తె గంతనే ఇయ్యాలె గదమ్మా?"

"మొక్కిననాడు దవాఖాన్ల కాంటా ఎక్కి సూసుకున్న. ఎనభై తొమ్మిదుంటి. మొక్కింది ఆ మనిషి సేటూ, గీమె గాదు. ఆమె మొక్కితెనే మా తమ్ముడు బతికిండు. ఆమెది తక్కువ జేస్తె తల్లి ఊకుంటదా?"

సేటు నా వైపు చూశాడు. నేను తలూపాను. మిగతా ముప్పై ఎనిమిది కిలోల బెల్లం ముద్దలు కూడా సంచుల్లోకి ఎత్తించాడు.

"పిలువు మరి. గట్టిగ పిలువు" అంది అక్క.

"ఎనభై తొమ్మిది!"

జనం దండం పెట్టారు. ఆ అంకెకు భయపడి ఏడాది పాటు కడుపు మాడ్చుకున్న మనిషి, ఎముకలు తేలిన చేతులెత్తి తనూ దండం పెట్టింది. అది తల్లికో, తన పాత ఒంటికో నాకు తెలియదు.

ఆ మధ్యాహ్నం ఇంట్లో బావ అన్నం కలిపాడు. వేడన్నం, పప్పు, కొంచెం నెయ్యి. ఆమె కంచంలో అన్నం చూసి చాలా రోజులైంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది. మింగలేక చేతిలోకి ఊసి, తప్పు చేసినట్టు మా ఇద్దరినీ చూసింది.

"తినబుద్ధయితుంది తమ్మీ. లోపటికి పోతలేదు."

బావ ఇంకో ముద్ద, మొదటిదానికంటే చిన్నది, కలిపాడు. అక్క నోరు తెరిచింది.