పంక్తిని గడప దగ్గరికి తెచ్చిన సారు

చదువుకునే రోజుల్లో మమ్మల్ని చూసుకున్న మా హాస్టలు సారు పోయారని మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన ఒక గుమాస్తా నల్లగొండలో మా ఆఫీసు మెట్ల మీద చెప్పాడు. "అయ్యో" అన్నాను. తర్వాత అనుకున్న ప్రకారమే క్షవరానికి వెళ్లాను. మంగలి వానల గురించి అడిగితే జవాబు కూడా చెప్పాను. ఇప్పటికీ నాకు ఏడుపు రాలేదు. లోపల ఏదో మొద్దుబారిపోయింది, అంతే.

సారు మెత్తని మనిషని అనుకోకండి. లెక్క తప్పితే చెవి మెలిపెట్టేవారు. బీడీ వాసనను వాకిట్లోంచే పసిగట్టేవారు. ఎవరైనా జ్వరమని పడుకుంటే నుదురు పట్టి చూసిన తర్వాతే నమ్మేవారు. ఒక్క నర్సింలు విషయంలో మాత్రం నుదురు చూడలేదు.

నర్సింలు కోస్గి దిక్కు నేతపనివాళ్ల బిడ్డ. నాతో పాటు ఒకే గదిలో ఉండేవాడు. మెట్రిక్ చదివే ఏడు, దసరా సెలవుల నుంచి వచ్చాక మాట్లాడటం మానేశాడు. స్నానం మానేశాడు. భోజనాల పంక్తికి రావడం కూడా మానేసి గోడవైపు తిరిగి పడుకునేవాడు. మేము స్నేహితులమే కదా, ఊరుకుంటామా? ఒకరి తర్వాత ఒకరం పోయి ఏమైందిరా అని అడిగాం. ధైర్యం చెప్పాం. ఒకడు తాయెత్తు తెచ్చి కట్టాడు, ఇంకొకడు నవ్వించాలని కోతి చేష్టలు చేశాడు. కంచం పట్టుకుపోయి బతిమాలాం. అతను దుప్పటి తల మీదికి లాక్కున్నాడు.

సారు చూసి చూసి మమ్మల్ని వాకిట్లోకి పిలిచారు.

"అడుగుడు బంద్ జెయ్యుండ్రి. అడిగితె వాడు జవాబు చెప్పాలె. పక్కన కూసుంటె ఏం చెప్పే పని లేదు."

ఆ పూట నుంచే పంక్తి వంటశాల వదిలి నర్సింలు పడుకున్న మా గది ముందరి వసారాకు మారింది. గడప పక్కన అతని కంచంలో వడ్డించి వదిలేయాలి. పిలవొద్దు, తిన్నాడా అని తొంగి చూడొద్దు. మామూలుగా మాట్లాడుకుంటూ తినాలి. సారు కూడా మా మధ్యనే కూర్చునేవారు. మామూలుగా మాట్లాడటం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. పుంటికూరలో ఉప్పు గురించి ఎంతసేపని మాట్లాడతాం?

ఇంతలో కబురంది నర్సింలు నాయిన వచ్చాడు. కొడుకును తీసుకుపోయి ఇంట్లో కట్టేసుకుంటానన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ఎవరి మొహమూ చూడలేదు.

"బాయిల గిట్ల దుంకితే ఏం జెయ్యాలె సారూ?"

సారు ఆయనను వసారాలో తన పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"నయమైతదని నేను చెప్తలేను పెద్దమనిషీ. నాకు తెల్వదు. వచ్చే వారపు అంగడి దాకా ఆగు. నాలుగు ముక్కలు తిని లేస్తె పట్నం దవాఖానకు నేనే తోల్కపోత. లేకుంటె నీ ఇష్టం."

అంగడి రేపనగా, మధ్యాహ్నం, నర్సింలు గడప దాకా వచ్చి కూర్చున్నాడు. రొట్టె తుంచాడు. మా చేతులన్నీ ఆగిపోయాయి. "ఎవని కంచంల వాడు సూడుండ్రి" అన్నారు సారు, గొంతు తగ్గించి.

అన్నట్టే పట్నం తీసుకుపోయారు. నర్సింలు ఆ ఏడు పరీక్ష రాయలేదు. ఇప్పుడు ఊళ్లో మగ్గం నేస్తున్నాడు. కొన్ని నెలలు బాగుంటాడు, కొన్ని నెలలు ఉండడు. బాగాలేనప్పుడు మాలో ఎవరో ఒకరం పోయి మగ్గం పక్కన కూర్చుంటాం. ఏమీ అడగం. ఆ పని నేర్పినందుకు సారుకు కృతజ్ఞత చెప్పుకోనే లేదు. చెప్పినా విసుక్కునేవారు. ఆయన పోయిన సంగతి నర్సింలుకు ఇంకా తెలియదు. నేనే పోయి చెప్పాలి.

ఇవన్నీ రాస్తుంటే కూడా చెయ్యి మామూలుగానే సాగుతోంది. కళ్ల ముందు మాత్రం ఆ మధ్యాహ్నమే ఉంది. అందరం తలలు దించుకున్నాం. నేను ఓరగా సారు వైపు చూశాను. వెనక నర్సింలు రొట్టె నమిలే చప్పుడు వినిపిస్తోంది. సారు తుంచిన ముక్క పప్పులో అద్ది, నోటిదాకా ఎత్తి, అట్లాగే ఉండిపోయారు. పప్పు వేళ్ల మీది నుంచి మణికట్టు దాకా కారుతోంది. తుడుచుకోవడానికి కూడా ఆయన కదల్లేదు.