మైలేజీ పెళ్ళిచూపులు

ఆ రోజుల్లో ఢిల్లీలో మనిషి హోదా అతని కారు ఎంత పెద్దదో చూసి కాదు, లీటరుకి ఎన్ని కిలోమీటర్లు ఇస్తుందో చూసి తేలేది. పెళ్ళికి వెళ్ళినా, పేరంటానికి వెళ్ళినా, ఆఖరికి పరామర్శకి వెళ్ళినా, రెండు మంచి మాటలయ్యాక "మీదెంత ఇస్తోందండీ?" అని అడగడం మర్యాద. (పధ్నాలుగు ఇచ్చేదాన్ని పద్దెనిమిది అని చెప్పడం కూడా మర్యాదే.) పెట్రోలు లీటరు యాభై దాటిన ఆ వేసవిలో నాకు కారు లేదు, స్కూటరు కూడా లేదు. జియా సరాయ్‌లో ఇద్దరు పడుకుంటే మూడోవాడు నిలబడాల్సినంత గది ఒకటి, కోచింగులన్నీ అయ్యాక ఎలాగో దొరికిన కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం ఒకటి ఉన్నాయి. కాబట్టి పెట్రోలు ధర ఆకాశాన్ని అంటినా నాకేం పట్టనక్కరలేదు. కానీ నేను మనసు పారేసుకున్నది పెట్రోలు అంకుల్ గారి అమ్మాయి మీద.

పెట్రోలు అంకుల్ అంటే బంకు ఉన్నాయన కాదు. వసంత్ కుంజ్‌లో ఫ్లాటు, సర్కారులో మంచి పదవి, ఆరేళ్ళ వయసున్న చిన్న కారు, ఇవీ ఆయన ఆస్తులు. మా గోదావరి వైపు మనిషే. టీవీలో ధర పెరిగిందని చెప్పినప్పుడల్లా సొంత తమ్ముడు మోసం చేసినట్టు కుమిలిపోయేవారు. పగలంతా ప్రభుత్వం తరఫున ఫైళ్ళు నడిపి, సాయంత్రం ఇంటికొచ్చి అదే ప్రభుత్వాన్ని దుమ్మెత్తి పోసేవారు. తిట్టి ఊరుకుంటే బాగుండేది, కానీ కారుకి కొన్ని నియమాలు పెట్టారు. ఏసీ వేయకూడదు. అద్దాలు సగమే దించాలి (పూర్తిగా దించితే గాలి దూరి కారుని వెనక్కి తోస్తుందిట). దిగుడు వస్తే న్యూట్రల్. ఎర్రలైటు పడితే ఇంజను ఆఫ్. డిక్కీలో బరువు ఉండకూడదని స్టెపినీ టైరు తీసి బాల్కనీలో పడేస్తే, ఆంటీ దాంట్లో మట్టి పోసి కొత్తిమీర వేశారు. ఆ కొత్తిమీర వేసిన పచ్చడి నేను తిన్నాను, చాలా బాగుండేది.

అమ్మాయి గ్రేటర్ నోయిడాలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పేది. ఇంటి కింద కారు గుడ్డ కప్పుకుని నిద్రపోతుంటే, ఆమె మాత్రం పొద్దున్నే లేచి రెండు బస్సులు మారి యమున దాటి వెళ్ళి, మళ్ళీ అలాగే వేళ్ళాడుతూ వచ్చేది. పోనీ తనే నడుపుకుంటానంటే అంకుల్ ఒప్పుకోలేదు. "డ్రైవింగ్ నేర్చుకోవడం అంటే పెట్రోలు నేల మీద పారబోయడమే" అనేవారు. ఆమెని నేను మొదట చూసింది తెలుగువాళ్ళ ఉగాది భోజనాల్లో. రెండోసారి పులిహోర కోసం వరసలో నా ముందు నిలబడి, వెనక్కి తిరిగి, "బాగుందండీ, కానీ మా డాడీ ముందు అనకండి. ఈ పులిహోర కోసం ఎంత పెట్రోల్ అయిందో హిసాబ్ చెప్తారు" అంది. అంతే, నాకు ఆ తర్వాత పాయసం వడ్డించారో లేదో కూడా గుర్తులేదు.

మా సెక్షన్‌లో ఒక పెద్దాయన చేత సంబంధం కదిలించాను. జవాబు రెండు రోజుల్లో వచ్చింది: ఆదివారం ఇంటికి రా, అందరం ఆర్కే పురంలో గుట్ట మీది గుడికి వెళ్దాం, కారు నువ్వే నడపాలి. పెద్దాయన నా భుజం తట్టి విషయం చెప్పారు. అంకుల్ అబ్బాయిల జాతకాలు చూడరుట, కుడికాలు చూస్తారుట. యాక్సిలరేటర్ ఎలా తొక్కుతాడో సంసారం అలా నడుపుతాడని ఆయన నమ్మకం. నాకు ముందు ఒక ఆర్మీ కుర్రాడు వచ్చి కారుని యుద్ధానికి తోలినట్టు తోలి ఫెయిలయ్యాడు. గుర్‌గావ్ నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ కుర్రాడైతే తాళం తిప్పగానే ఏసీ నొక్కబోయాడు. అతనికి కాఫీ కూడా ఇవ్వలేదుట. నేను మా ఊళ్ళో మావయ్య కారు మీద నేర్చుకుని లైసెన్సు తీసుకున్నవాణ్ణే గానీ, ఆ వారమంతా మంచం అంచున కూర్చుని కుడి పాదంతో గాలిని నెమ్మదిగా నొక్కడం ప్రాక్టీసు చేశాను.

ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. పది గంటలకే ఎండ మాడు పగలగొడుతోంది. వెనక సీట్లో పట్టుచీరలో ఆంటీ, పక్కన అమ్మాయి. ముందు నా పక్కన అంకుల్. "బాబూ, కాలి కింద కోడిగుడ్డు ఉందనుకో. అది పగలకూడదు, అంతే" అన్నారు. నేను కోడిగుడ్డు కాదు, పిచ్చుకగుడ్డు అనుకుని నడిపాను. పాలవాడు సైకిలు మీద మమ్మల్ని దాటిపోతూ లోపలికి జాలిగా చూశాడు. అద్దంలో అమ్మాయి కళ్ళు కనిపించినప్పుడల్లా మాత్రం కాలు నా మాట వినేది కాదు, ఇంజను ఒక్కసారి గుర్రుమనేది. "అద్దంలో ఏముంది నాయనా? ముందు చూడు" అనేవారు అంకుల్. ఎర్రలైటు పడగానే "ఆఫ్!" పచ్చ పడగానే "ఊఁ, కానీ!" ఇలా రెండు సిగ్నళ్ళు గట్టెక్కాం. ఆయన ముఖంలో కొంచెం సంతృప్తి కనిపించేసరికి నేను మనసులో శుభలేఖలు కూడా అచ్చు వేయించేశాను.

మునిర్కా సిగ్నల్ దగ్గర "ఆఫ్!" అన్నారు, ఆపాను. పచ్చలైటు పడింది, తాళం తిప్పాను. కిర్ర్ మంది, ఊరుకుంది. మళ్ళీ తిప్పితే ఆ మాత్రం కూడా అనలేదు. ప్రతి సిగ్నల్ దగ్గరా ఆపి, లేపి, ఆపి, లేపి, ఆ బ్యాటరీకి ప్రాణం విసిగిపోయినట్టుంది. వెనక నుంచి మొత్తం ఢిల్లీ హారను కొట్టింది. పక్కన ఆటోవాడు తల బయట పెట్టి, "అంకుల్‌జీ, గాడీ హై యా ఖటియా?" అని అడిగాడు. (కారా, మంచమా అని.) అంకుల్ అవమానాన్ని దిగమింగి, "దిగు బాబూ, తోద్దాం" అన్నారు. ఆంటీ దిగనన్నారు. "పట్టుచీర కట్టుకుని మునిర్కాలో కారు తోయడానికి రాలేదు నేను" అని కదలకుండా కూర్చున్నారు. మరి స్టీరింగ్ ఎవరు పట్టుకోవాలి? "నేను కూర్చుంటాను డాడీ" అని అమ్మాయి ముందు సీట్లోకి వచ్చింది. అంకుల్ కంగారుపడిపోయి, "క్లచ్ తొక్కి పట్టుకో, ఆఁ, వద్దు, నువ్వేం తొక్కకు, ఊరికే పట్టుకో!" అన్నారు. "డాడీ, ఆప్ బస్ ధక్కా దీజియే" అంది. (మీరు తోయండి, చాలు అని.)

తోశాం. ఇద్దరం, నా ఇస్త్రీ చొక్కాతో సహా, పళ్ళు బిగించి తోశాం. కారు కొంచెం దొర్లి, ఒక్క కుదుపు కుదిపి, పొగ మా మొహాన కొట్టి, స్టార్టయింది. "శభాష్! ఇక ఆపు!" అని అరిచారు అంకుల్. ఆగలేదు. సిగ్నల్ దాటింది. చక్కగా ఇండికేటర్ వేసి, బస్సుకి దారిచ్చి, ఎడమకి తిరిగి, వెళ్ళిపోయింది. మేమిద్దరం చేతులు ముందుకు చాచి అలాగే నిలబడిపోయాం. "అంకుల్, ఇండికేటర్ కూడా వేశారండీ!" అన్నాను తట్టుకోలేక. "ఇండికేటర్ గొడవెందుకయ్యా, ఎన్నో గేర్లో పోతోందది?" అన్నారు ఆయన, ఏడుపు గొంతుతో.

ఆంటీకి ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోయింది. బస్‌స్టాపు నీడలో నిలబడి నిమ్మకాయ సోడా తాగాం. ఆ ఎండలో అంకుల్ మొహం చూస్తే నవ్వు రాలేదు, నిజంగానే జాలేసింది. "ఈ ఊరొచ్చిన కొత్తలో సైకిల్ తొక్కానయ్యా. లోను మీద కారు కొన్నాను. కొన్న దగ్గర్నుంచి భయమే, ఎక్కడ దీన్ని నడపలేక అమ్ముకోవాల్సొస్తుందో అని" అన్నారు. సోడా గ్లాసు తిరిగిచ్చేసి, "నిజం చెప్పు బాబూ. తండ్రిని నడిరోడ్డు మీద వదిలేసి పోయిన పిల్లని చేసుకుంటావా?" అని అడిగారు. నా ప్రాణమంతా ఆ కారుతో పాటు వెళ్ళిపోయి ఉంది. "ఆవిడ తిరిగొస్తే చేసుకుంటానండీ" అన్నాను. ఆయన నా వైపు ఎలా చూశారంటే, పెట్రోలు లీటరు వంద అయిందని చెప్పినవాడి వైపు కూడా అలా చూడరు.

చాలాసేపటికి వచ్చింది కారు. అద్దాలన్నీ పైకి ఎత్తి ఉన్నాయి. మా ముందు ఆగాక వెనక అద్దం దించి ఆంటీ, చల్లగా, పెళ్ళికూతురిలా ఉన్న మొహం బయట పెట్టి, "ఏమండీ, మన ఏసీ పనిచేస్తోందండీ!" అన్నారు. ఆరేళ్ళుగా ఆ ఇంట్లో ఎవరికీ తెలియని సంగతది. అమ్మాయి దిగలేదు, ఇంజను ఆపలేదు. "సారీ డాడీ. ఆపితే మళ్ళీ బంద్ అయిపోతుందని ధౌలా కువాఁ దాకా వెళ్ళొచ్చాను. కాలేజీ గ్రౌండ్‌లో ఫ్రెండ్ కార్ మీద నేర్చుకున్నాను, మమ్మీకి తెలుసు. ఫుల్ ట్యాంక్ కొట్టించాను, నా శాలరీతో, బంకు కుర్రాళ్ళే తోసి స్టార్ట్ చేశారు. రేపట్నుంచి కాలేజీకి దీన్లోనే వెళ్తాను" అంది, ఒక్క గుక్కలో. అంకుల్ వంగి పెట్రోలు ముల్లు చూశారు. అది అంత పైన ఉండడం ఆయన కారు కొన్న రోజు తర్వాత ఎప్పుడూ చూసి ఉండరు. తర్వాత తనే వెనక తలుపు తీసుకుని, ఆంటీ పక్కన కూర్చున్నారు. "మీరు ముందు ఎక్కండి" అంది అమ్మాయి నాతో.

ఎక్కాను. గుడి దారిలో ఆమె రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, "కార్ మీరే నడపాలి అని మీకు జిద్ ఉందా?" అని అడిగింది. (పట్టుదల అని.) "లేదండీ, పక్కన కూర్చోవడం బాగా వచ్చు" అన్నాను. ఆ మాటకి నవ్వింది. గుట్ట కింద దిగాక అంకుల్ నన్ను పక్కకి పిలిచి, "మైలేజీ లెక్కన నువ్వు ఫెయిలేనయ్యా. దానికి నచ్చావట, నేనేం చెయ్యను" అని, నా భుజం మీద చెయ్యి వేసి మెట్లెక్కారు.

ఇప్పుడు నాకు జుట్టు పలచబడింది, పొట్ట ముందుకొచ్చింది, కుడికాలికి పని లేక మోకాలు పట్టేస్తోంది కూడా. అప్పుడప్పుడు మా ఆవిడ నడుపుతుంటే పక్కన కూర్చుని ఆ మునిర్కా మీదుగా వెళ్తుంటాను. సిగ్నల్ దగ్గర, నలిగిన ఇస్త్రీ చొక్కాలో, చేతులు ముందుకు చాచి, వెళ్ళిపోయిన కారు వైపు నోరు తెరుచుకుని చూస్తున్న కుర్రాడొకడు నాకు కనిపిస్తాడు. అయిపోయిందిరా మన బతుకు అనుకుంటున్నాడు పాపం. అద్దం కొంచెం దించి, "ఒరేయ్, అక్కడే నిలబడు, వస్తుంది" అని వాడికి చెప్పాలనిపిస్తుంది.