ప్రశ్నను పల్నాటి మాటలో అడిగిన కోటేశ్వరమ్మగారు

గత బుధవారం ఉదయం నరసరావుపేటలోని మా ఫిజియోథెరపీ గదిలో ఆరుగురు స్త్రీలతో వ్యాయామం చేయిస్తున్నాను. గురజాల నుంచి ఫోను వచ్చింది. అవతల కోటేశ్వరమ్మగారి కోడలు రమ. "అక్కా, అత్తమ్మ పోయిందక్కా" అన్నది. స్నానం చేసి, కాఫీ తాగి, కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ప్రాణం విడిచారట. ముందురోజు సాయంత్రమే నాతో ఫోనులో మాట్లాడారు. మాచర్ల వైపు నుంచి ఒకావిడ వస్తుందనీ, బాగా సిగ్గరి అనీ, గదిలో మగవాళ్ళెవరూ లేకుండా చూడమనీ చెప్పారు. ఆ గొంతు నిన్నటిది, ఈ వార్త నేటిది. రెండూ ఒకే మనిషికి సంబంధించినవంటే మనసు ఒప్పుకోలేదు. నా ఎదుట ఉన్న ఆరుగురిలో ముగ్గురు ఆమె పంపినవాళ్ళే.

కోటేశ్వరమ్మగారు గురజాల చుట్టుపక్కల పల్లెల్లో ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్తగా పనిచేశారు. జనానికి ఆమె పేరుతో పనిలేదు, 'నర్సమ్మ' అంటే చాలు. పదవీ విరమణ చేసిన మరుసటి నెలలోనే మా పరిశోధనలో క్షేత్ర కార్యకర్తగా చేరారు. కాన్పుల వల్ల, ఏళ్ళ తరబడి బరువులు మోయడం వల్ల పొత్తికడుపు అడుగున అవయవాలను నిలబెట్టే కండరాలు సడలిపోతాయి. అప్పుడు గర్భసంచి కిందికి జారుతుంది, దగ్గినా తుమ్మినా మూత్రం పడిపోతుంది. ఈ బాధకు వ్యాయామం ఎంతవరకు ఉపకరిస్తుంది, లోపల అమర్చే సిలికాన్ రింగు ఎవరికి మేలు చేస్తుంది, ఎవరికి ఆపరేషన్ తప్పదు అన్నది తేల్చడమే మా అధ్యయనం. దానికి సారథి మా పెద్ద డాక్టరమ్మగారు. నేను అప్పుడే చదువు ముగించుకుని చిలకలూరిపేట నుంచి వచ్చిన ఫిజియోథెరపిస్టును.

మొదటి నెల ఇల్లిల్లూ తిరిగి నింపుకొచ్చిన పత్రాలు చూసి అందరం నిర్ఘాంతపోయాం. ఒక్క స్త్రీకీ ఏ బాధా లేదు! "మీకు మూత్ర నియంత్రణలో లోపం కలదా?" అన్న ప్రశ్నకు ఎదురుగా వరసగా 'లేదు', 'లేదు', 'లేదు'. ఈ ప్రాంతంలో ఈ వ్యాధే లేదేమో, వేరే జిల్లాకు వెళదామా అని డాక్టరమ్మగారు ఆలోచనలో పడ్డారు. గది మూలన కూర్చున్న కోటేశ్వరమ్మగారు లేచి అన్నారు.

"అమ్మా, జబ్బు ఉంది. మన ప్రశ్నే వాళ్ళకి అర్థం కాలా. నియంత్రణ అంటే కుటుంబ నియంత్రణ అనుకుని, ఆపరేషన్ ఎప్పుడో అయిపోయిందమ్మా అంటన్నారు."

"మరి ఎట్లా అడగమంటారు?"

"దగ్గితే చీర తడిసిద్దా అని అడగండి. మిరపకాయలు కోయడానికి వంగినప్పుడు కింద ఏదో జారినట్టు ఉంటదా అని అడగండి. అప్పుడు చెప్పకపోతే నన్నడగండి."

డాక్టరమ్మగారు వెంటనే ఒప్పుకోలేదు. అధ్యయనం మధ్యలో ప్రశ్న మార్చకూడదు, మారిస్తే మళ్ళీ అనుమతులు తీసుకోవాలి, నింపిన పత్రాలన్నీ పక్కన పెట్టేయాలి. నెల రోజుల శ్రమ వృథా అవుతుందని మేమంతా నీరసించాం. "ఆ ఇళ్ళకి మళ్ళీ నేను పోతా. నా కాళ్ళే గదా నొప్పులు పుట్టేది, మీకేంది?" అన్నారు కోటేశ్వరమ్మగారు. ఆ రోజు డాక్టరమ్మగారు కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చుని, ప్రశ్నావళి మొత్తాన్ని మాట మాట చొప్పున ఆమె చేత చెప్పించుకుని రాసుకున్నారు. అనుమతి వచ్చాక కోటేశ్వరమ్మగారు అవే గడపలు మళ్ళీ ఎక్కారు. ఈసారి స్త్రీలు తలుపు దగ్గరగా వేసి మాట్లాడారు. కొందరు చెబుతూ చెబుతూ ఏడ్చారు. పిల్లలకు చెప్పుకోలేక, భర్తకు చెప్పుకోలేక, పెళ్ళిళ్ళకు పోవడం మానేసి, బస్సు ఎక్కడం మానేసి, పొరుగింట్లో నవ్వులాటకు కూర్చోవడం కూడా మానేసిన స్త్రీలు వాళ్ళు.

ఆ కొత్త ప్రశ్నలను అలవాటు చేసుకోవడానికి ఒక మధ్యాహ్నం మేమిద్దరం కూర్చున్నాం. "నువ్వు అడుగు, నేను పేషెంటుని" అన్నారామె. నేను అడిగాను. ఆమె ఒక్కొక్కటే చెప్పారు. రెండో కాన్పు తరువాత మొదలైందన్నారు. టీకాల పెట్టె భుజాన వేసుకుని నడిచినప్పుడల్లా బరువుగా జారేదన్నారు. అధికారుల సమావేశాలకు వెళ్ళేముందు నీళ్ళు తాగేవారు కాదన్నారు. ఎంత చక్కగా నటిస్తున్నారోనని నేను నవ్వుతూనే రాసుకుంటున్నాను. చివర సంతకం చోటు రాగానే ఆమె కలం అందుకుని తన పేరే రాశారు.

"ఇది నా కథేనే పిల్లా. నర్సుని అయ్యుండి ఇరవయ్యేళ్ళు ఎవరికీ చెప్పలా. ఊరందరికీ ధైర్యం చెప్పేదాన్ని, నాది నేను చెప్పుకోలేకపోయా."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. పరిశోధనలో పనిచేసేవారు అందులో రోగిగా చేరకూడదు కనుక డాక్టరమ్మగారు ఆమెకు విడిగా వైద్యం చేశారు. వ్యాయామం నేర్పింది నేనే. ఆ రోజు నుంచి నాకు ఆమె పెద్దమ్మ. నేను పుస్తక భాషలో చెప్పే వ్యాయామాన్ని ఆమె ఒక్క మాటలోకి దించారు: "గోతం మూతి తాడేసి బిగించినట్టు లోపలికి బిగబట్టు. పది లెక్కపెట్టి వదులు." నేటికీ నేను అట్లాగే చెబుతాను. ఒక్కరికీ రెండోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఆమె ధర్మనిష్ఠకు నేను ప్రత్యక్ష సాక్షిని. మా అధ్యయనంలో కొందరికి వ్యాయామం మాత్రమే, కొందరికి వ్యాయామంతో పాటు రింగు. ఎవరికి ఏది అన్నది సీలు వేసిన కవరులో ఉండేది. కవర్లను వరస ప్రకారం తెరవాలి, వాటిలో ఏముందో ముందుగా ఎవరికీ తెలియదు. ఒకనాడు ఆమె సొంత తోడికోడలు సీతారావమ్మగారి వంతు వచ్చింది. నేను అదే గదిలో తెర వెనుక చాప పరుస్తున్నాను. కవరు చింపితే వ్యాయామం మాత్రమే అని వచ్చింది. సీతారావమ్మగారి ఆశంతా రింగు మీదే.

"ఇంకో కవరు తియ్యవే కోటేశూ. ఎవరు చూశారు?"

"నేను చూశా గదక్కా."

"సొంత మనిషిని, ఈ మాత్రం చెయ్యలేవా?"

"నీకు చేస్తే రేపు ఇంకొకతె అడిగిద్ది. అప్పుడు ఏది నయం చేసిందో, ఏది చెయ్యలేదో ఎవరికీ తెలియదు. మన మాట నమ్మి ఎక్కడో ఒక ఆడమనిషి మోసపోద్ది. నీకు బాధ ఎక్కువైతే డాక్టరమ్మ వెంటనే వేరే వైద్యం చేసిద్ది, ఆ పూచీ నాది."

సీతారావమ్మగారు ఆ గడప దాటి వెళ్ళి, ఏడాది పాటు తోడికోడలితో మాట్లాడలేదు. తమ ఇంట్లో శుభకార్యం జరిగితే బొట్టు పెట్టి పిలవడానికి కూడా రాలేదు. కోటేశ్వరమ్మగారు మాత్రం వారం వారం వాళ్ళింటికి వెళ్ళి, వసారాలో నిలబడి, "వ్యాయామం చేస్తందా, లేదా అడగమ్మా" అని వాళ్ళ మనవరాలి చేత అడిగించి, జవాబు రాసుకుని వచ్చేవారు. బస్సులో నా పక్కన కూర్చుని కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. చివరికి సీతారావమ్మగారికి తడి తగ్గింది, జారడం మాత్రం పూర్తిగా తగ్గలేదు. గడువు ముగిశాక కోరినవారందరికీ రింగు అమర్చాం, ఆమెకూ అమర్చాం. ఆ సాయంత్రమే ఆమె గిన్నె నిండా గారెలు పట్టుకుని కోటేశ్వరమ్మగారి ఇంటికి వెళ్ళి, "తిను, మొండిదానా" అన్నదట.

గుణం కనిపించని రోగుల విషయంలోనూ ఆమెది అదే నిక్కచ్చితనం. కొత్తగా చేరిన ఒక సహాయకురాలు మొహమాటపడి 'కొంత మేలు' అని రాస్తే, కోటేశ్వరమ్మగారు రాజుపాలెం దాకా వెళ్ళి ఆ రోగిని స్వయంగా అడిగి వచ్చి, కొట్టివేసి, పక్కన సంతకం చేసి 'తగ్గలేదు' అని రాశారు. "తగ్గనిది తగ్గిందని రాస్తే ఆ తల్లికి ఆపరేషన్ ఎవరు చేయిస్తారే?" అని ఆ పిల్లను మందలించారు. ఆ రోగికి సకాలంలో శస్త్రచికిత్స జరిగింది. మరోవైపు, పాతికేళ్ళు నిండని కోడలిని గర్భసంచి తీయించడానికి తీసుకుపోతున్న ఒక అత్తగారిని ఆటోలోంచి దింపి, "ముందు మా డాక్టరమ్మకి చూపించు, ఆమె తియ్యమంటే నేనే తోడొస్తా" అని పట్టుబట్టారు. ఆ అమ్మాయికి వ్యాయామంతోనే సరిపోయింది.

అధ్యయన ఫలితాలను పెద్ద నగరంలో వైద్యుల సభలో వివరించినప్పుడు డాక్టరమ్మగారు మొట్టమొదట తెర మీద చూపించింది కోటేశ్వరమ్మగారి ప్రశ్ననే, ఆమె మాటల్లోనే. "ఈ వాక్యం లేకపోతే ఈ పరిశోధన లేదు" అన్నారు. సభ చప్పట్లతో మారుమోగింది. నా పక్కన ముదురాకుపచ్చ నేతచీరలో కూర్చున్న పెద్దమ్మ మాత్రం చుట్టూ చూసి, "ఇంతమంది డాక్టర్లున్నారు గదా, మరి ఎవరూ అడగలేదేందే ఇన్నాళ్ళూ?" అని గుసగుసలాడారు. నా వృత్తిజీవితంలో అంతకంటే గొప్ప ప్రశ్నను ఏ సభలోనూ వినలేదు.

అంత్యక్రియల రోజున గురజాలలో వాళ్ళ వీధి పట్టనంతమంది స్త్రీలు వచ్చారు. పత్తి చేల నుంచి, మిరప తోటల నుంచి, ఆటోల్లో, బస్సుల్లో వచ్చారు. మగవాళ్ళు వింటున్నారన్న వెరపు లేకుండా, తమకు ఏ బాధ ఉండేదో, నర్సమ్మ ఏం చేసిందో ఒకరికొకరు పైకే చెప్పుకున్నారు. దుఃఖంలోనూ నా ఛాతీ గర్వంతో ఉప్పొంగింది. పల్నాటి పౌరుషమంటే కత్తి పట్టడమేనని చెప్పుకునేవాళ్ళు ఆ వీధిలో ఒక్క గడియ నిలబడి ఉంటే బాగుండేది.

అందరూ వెళ్ళిపోతున్నప్పుడు అరవై దాటిన ఒక రైతు తలగుడ్డ విప్పి చేత పట్టుకుని నా దగ్గరకు వచ్చాడు.

"అమ్మా, మా ఇంటిదానికి చానాకాలం నించి ఇట్టాంటి బాధే ఉంది. నర్సమ్మగారిని అడుగుదామని వచ్చా. ఊళ్ళోకి వచ్చినాకే ఈ సంగతి తెలిసింది. ఇప్పుడు ఎవరిని అడగాల?"

ఆయన భార్య వీధి చివర ఆటోలో, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది. ఆమె పక్కన కూర్చున్నాను. పెద్దమ్మ అయితే నిమిషంలో ఆమె చేత నవ్వుతూ మాట్లాడించి ఉండేవారు. నాకు ఆ విద్య ఇంకా పూర్తిగా పట్టుబడలేదు, ఇక నేర్పేవారూ లేరు. అయినా ఆ మహాతల్లిని తలుచుకుని, మనసులోనే ఆమె పాదాలకు మొక్కి అడిగాను.

"దగ్గితే చీర తడిసిద్దా అమ్మా?"

ఆమె కొంగు తీసింది.