ఇరుసు కదపని సంగప్ప

నేను వడ్రంగి సంగప్పను చూడకముందే ఆయన బాడిశను చూశాను. డెబ్బయ్యో దశకం చివర్లో ఒక చలికాలం, షోలాపూరు నుంచి వస్తూ జహీరాబాదులో బస్సు దిగి, బొంబాయి రోడ్డు పక్కనున్న గిరిజమ్మ హోటల్లో చాయ్ కోసం కూర్చున్నాను. రేకుల కప్పును మోస్తున్న ముందు గుంజలో, నడుమెత్తున, కట్టె చెక్కే బాడిశ ఒకటి లోతుగా దిగి ఉంది. వచ్చేపోయేవాళ్ళు దాని పిడికి తువ్వాళ్ళు తగిలిస్తున్నారు.

"ఎవరైనా మర్చిపోయారా అమ్మా?" అని అడిగాను.

"మర్సిపోలే సారు, శపథం జేసి కొట్టిపోయిండు, వడ్ల సంగప్ప" అంది గిరిజమ్మ చాయ్ వడపోస్తూ. "మదన్‌మోహన్ సేఠ్ షెడ్డుల ఓ పాత షికారు మోటరున్నది. దాన్ని సాగదీస్తడంట. అది ఇంకో బండిని ముక్కుబట్టి లేపుకొని ఈ హోటల్ ముంగట్నుంచి పోయిన్నాడే బాడిశ పీక్కుంటడంట. లేకుంటే ఇగ జన్మల ముట్టడంట. చెరుకు ఫ్యాక్టరీల కూలికి పోతడంట."

"మరి మీరేమన్నారు?"

"నేనేమంట? గుంజ నాది, కొట్టింది ఆయన. ముందుగాల నన్నడగాలె గదా!"

కాలు ఒకచోట నిలవని మనిషిని నేను. పుస్తకాల మూట దించి ఒక పూట బడులు తిరిగి, మళ్ళీ బస్సెక్కడం నా అలవాటు. ఆ బాడిశ నన్ను ఎన్నాళ్ళు కట్టేసిందంటే, లాడ్జి యజమాని నన్ను ఊరివాణ్ణే అనుకోవడం మొదలుపెట్టాడు.

సంగప్పది ఝరాసంగం. తండ్రి, తాత బండ్లు చేసినవాళ్ళే. రాయికోడ్ నల్లరేగడికి ఎత్తు చక్రాలు, జహీరాబాదు ఎర్రమట్టికి కాస్త పొట్టివి. ఏ నేలకు ఏ బండో వాళ్ళ ఇంట్లో అడగకుండానే తెలిసేది. ఆ తర్వాత రబ్బరు టైర్ల బండ్లు వచ్చాయి. చక్రం, ఇరుసు బజార్లోనే దొరుకుతుంటే వడ్లాయనకు మిగిలింది పైన పలకలు కొట్టడమే. ఆ పలకల పని కోసమే మదన్‌మోహన్ ఆయన్ని షెడ్డుకు పిలిపించాడు.

మదన్‌మోహన్‌ది మోటారు రిపేరు షెడ్డు. ఒక దేశ్‌ముఖ్ గడీలో పశువుల కొట్టంలో పడివున్న అమెరికా జీపు వ్యాగన్ ఒకటి ఆయన చేతికి వచ్చింది. ఒకప్పుడు వేటకు పోయిన బండి. ఇంజన్ గట్టిది, నాలుగు చక్రాలూ లాగుతాయి. రోడ్డు మీద చెడిపోయిన బండ్లను ముక్కు లేపి షెడ్డుకు ఈడ్చుకొచ్చే బండిగా దాన్ని మార్చాలని ఆయన ఆలోచన. అయితే వ్యాగన్ పొట్టిది. వెనక కొక్కెం, దాన్ని మోసే ఇనుప గుంజ, చైన్ కప్పీ పెట్టడానికి చోటు లేదు.

"చోటు నేను జేస్త" అన్నాడట సంగప్ప.

"నీది కట్టె పని వడ్లాయనా. నీ బాడిశను ఇగ అజాయబ్‌ఘర్‌ల, పాత సామాన్ల నడుమ పెట్టుకో" అన్నాడట మదన్‌మోహన్ నవ్వుతూ. ఇద్దరూ చిన్నప్పటి దోస్తులే. కానీ ఆ మాట అన్నది గిరిజమ్మ హోటల్లో, పదిమంది ముందు. సంగప్ప లేచి, బాడిశను గుంజకు కొట్టి శపథం చేసి వెళ్ళిపోయాడు.

ఇలాంటి పనులు లోకంలో చాలాచోట్ల జరిగాయి. ఢిల్లీలో యుద్ధకాలపు మోటారు సైకిళ్ళకు వెనక డబ్బాలు కట్టి జనాన్ని తిప్పడం నా కళ్ళతో చూశాను. ఫిలిప్పీన్స్ దీవుల్లో సైన్యం వదిలిపోయిన జీపుల్ని సాగదీసి బస్సులు చేసుకున్నారని చదివాను. వాళ్ళకెవరికీ సంగప్పకు వచ్చిన చిక్కు వచ్చి ఉండదు. వాళ్ళు ఇరుసుకు పసుపు పెట్టి ఉండరు.

సంగప్ప ఇంట్లో ఒక ఆచారం ఉంది. కొత్త బండికి ఇరుసు అమర్చిన రోజున దానికి పసుపు రాసి, దారం చుట్టి, కొబ్బరికాయ కొడతారు. ఆ తర్వాత బండి విప్పేదాకా ఇరుసును ఇటు బెత్తెడు, అటు బెత్తెడు జరపరు. షెడ్డులో పని మొదలుపెట్టిన ఉదయం ఆయన వ్యాగన్ వెనక ఇరుసుకు అదే చేశాడు. అలవాటుగా, ముందూ వెనకా చూడకుండా.

"అరె భాయ్, ఏం జేసినవు?" అన్నాడు మదన్‌మోహన్ తల పట్టుకుని. "దీన్ని నడుమల కోసి, ఎనక ఇరుసును ఇంకా ఎనకకు జరపాలె. అప్పుడే సాగుతది."

"పసుపు పెట్టినంక ఇరుసు జరగది సేఠ్. తోక పెంచుత."

"తోక పెంచితే ఎట్లనయ్యా?"

"కొక్కెం దూరం పోతది. లేపిన బండి మనకు తాకది. ఇంకేం గావాలె నీకు?"

అలాగే పెంచాడు. వెనక చక్రాల అవతల చాసీకి గజం పొడవున ఇనుప దూలాలు అతికాడు. అతుకు మీద నమ్మకం చాలక లోపల ఇంకో దూలం జొనిపి, ఎర్రగా కాల్చిన రివిట్లు దిగ్గొట్టాడు. ఆ పనితనంలో వంక పెట్టడానికి లేదు. ఆ దూలాలు పెట్టిన చోటే తప్పు.

పరీక్ష హోటల్ ముందే జరిగింది. షెడ్డులో పడివున్న, ముందు చక్రాలు లేని డీజిల్ వ్యాను ఒకదాన్ని రోడ్డు పక్కకు తెచ్చారు. షెడ్డు డ్రైవరు మాణిక్ వ్యాగన్‌లో కూర్చున్నాడు. సంగప్ప కప్పీ గొలుసు లాగుతున్నాడు. గొలుసు బిగిసింది, దూలాలు మూలిగాయి. వ్యాను ముక్కు నేల మీదే ఉంది. వ్యాగన్ ముక్కు మాత్రం మెల్లగా ఆకాశంలోకి లేచింది.

"సంగన్నా! నన్నెక్కడికి పంపుతున్నవే?" అని మాణిక్ పైనుంచి అరిచాడు. గాలిలో ఉన్న చక్రాలను అటూ ఇటూ తిప్పుతున్నాడు.

"ముందటి కాళ్ళు లేపింది. గుర్రమే ఇది, నిజంగ షికారు బండే!" అన్నారెవరో. హోటలంతా నవ్వింది. గిరిజమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సంగప్ప ఎవరివైపూ చూడకుండా గొలుసు వదిలి, వ్యాగన్‌ను దించి, ఇంటిదారి పట్టాడు. పోతూ పోతూ గుంజలో ఉన్న బాడిశను ఒకసారి చూశాడు. ముట్టుకోలేదు.

ఆ తర్వాత ఆయన షెడ్డుకు రాలేదు. నేనే ఝరాసంగం వెళ్ళాను. ఆయన భార్య బసమ్మ వాకిట్లో జొన్నసొప్ప మోపులు కడుతోంది. ఆయన ఖాళీ చేతులతో అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చేతులు ఖాళీగా ఉండడం అలవాటు లేక ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి.

"ఫ్యాక్టరీకి పోత సారు" అన్నాడు.

"పోనీయుండ్రి సారు" అంది బసమ్మ. "ఆడికి చెరుకు ఎడ్లబండ్ల మీదనే వస్తది. సగం ఈయన జేసిన బండ్లే. అవి ఎదురొస్తుంటె ఏ మొఖంతోని జూస్తడో అడుగుండ్రి."

"మరి ఇరుసు జరపమంటవా? మా నాయిన పెట్టిన కట్టు అది."

"నేనెందుకంట? నాకు మోటరు తెల్వది, మీ నాయిన తెల్వదు. ఊకె కూసునుడు మాని ఈ సొప్ప పట్టు."

సంగప్ప లేచి, వాకిట్లో ఎడ్లు కట్టి ఉన్న బండిలోకి మోపులు ఎత్తడం మొదలుపెట్టాడు. మనసు ఎక్కడో ఉండి, అన్నిటినీ బండి వెనక భాగంలోనే పేరుస్తున్నాడు. కాసేపటికి కాడి మెల్లగా లేచింది. ఒక ఎద్దు మెడకున్న పట్టెడ గొంతుకు బిగుసుకుని, అది తల పైకెత్తి గింజుకుంది.

"కండ్లు లేవా? ఎద్దు మెడ లేస్తున్నది!" అని బసమ్మ అరిచింది. "మోపులు ముంగటికి జరుపు జర!"

ఆయన రెండు మోపుల్ని ముందుకు నెట్టాడు. కాడి దిగి మెడ మీద ఆనింది. ఎద్దు నెమ్మదించింది. సంగప్ప మూడో మోపును చేతుల్లోనే పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఇరుసు వైపు చూశాడు, ముందున్న మోపుల వైపు చూశాడు, మళ్ళీ ఇరుసు వైపు.

"సారు" అన్నాడు, "ఇరుసు జరిగిందా ఇప్పుడు?"

"లేదు."

"జరగలే. బరువు ముంగటికి పోయింది. ఇంజన్ గూడ బరువే గద సారు?"

సొప్ప అక్కడే దించి, నాకన్నా ముందు రోడ్డెక్కాడు. వెనక నుంచి బసమ్మ తిట్లు వినిపిస్తూనే ఉన్నాయి.

షెడ్డులో ఆయన చేసిన పనిని నేను కూర్చుని చూశాను. వెనక ఇరుసు కింద బండరాళ్ళు పేర్చి, దాన్ని ఉన్నచోటే నిలిపాడు. పసుపు దారం అలాగే ఉంది. వ్యాగన్‌ను నడుమ దగ్గర, ఇరుసుకు ముందు కోశారు. ఇంజన్, గేరుబాక్సు, స్టీరింగు, ముందు చక్రాలు, మొత్తం ముందు సగాన్ని మెల్లగా రోడ్డు వైపు దొర్లించారు. తాను అతికిన తోకలో కొక్కేనికి కావలసినంత మాత్రం ఉంచి, మిగతాది తానే కోసేశాడు. ఆ ముక్క తెచ్చి నడుమ ఖాళీలో పెట్టాడు. తోక నడుమైంది. మళ్ళీ లోపల దూలం, మళ్ళీ ఎర్రగా కాల్చిన రివిట్లు. వెనక చక్రాలను తిప్పే షాఫ్టు పొట్టిదైతే, దాన్ని లేత్ మిషను దగ్గర సాగదీయించి తెచ్చే పని మదన్‌మోహన్ చూసుకున్నాడు.

బండి పైనున్న డొల్ల, బాడీ దగ్గరికి వచ్చాక సంగప్ప ఒకటి గమనించి పగలబడి నవ్వాడు. ఆ అమెరికా వ్యాగన్ ఒళ్ళంతా ఇనుమే. ఆ ఇనుము మీద కట్టె చారలు, కట్టె చట్రం ఉన్నట్టు రంగులు వేశారు. "ఇనుముకు కట్టె ఏషం గట్టిన్రు సారు! అంటె వాళ్ళకు గూడ కట్టెనే ముద్దు" అన్నాడు. కొత్తగా వచ్చిన నడుమకు రేకు వేయనివ్వలేదు. తుమ్మ పలకలు కొట్టి నూనె పట్టించాడు. బండి మొత్తంలో నిజమైన కట్టె ఆ నడుమ ఒక్కటే. ఆ పలకలకు కూడా అరువు బాడిశే వాడాడు. తనది గుంజలోనే ఉంది.

తొలకరి పడింది. న్యాల్‌కల్ దారిలో పాలవ్యాను ఒకటి మోరీ దగ్గర పక్క గుంతలోకి జారి, ముందు చక్రం విరిగిందని కబురు వచ్చింది. అందరం వ్యాగన్ ఎక్కాం. పాల క్యాన్లను జనం అప్పటికే గట్టున దించారు. సంగప్ప కొక్కెం తగిలించి, గొలుసు మదన్‌మోహన్ చేతికిచ్చి, తాను ముందుకు వచ్చాడు. జేబులోంచి తుమ్మచెక్క పేడు తీసి వ్యాగన్ ముందు చక్రం కింద దూర్చి, పక్కనే గొంతుక్కూర్చున్నాడు. చక్రం వెంట్రుకవాసి లేచినా పేడు చేతికి వచ్చేస్తుంది.

"గుంజు సేఠ్!"

గొలుసు బిగిసింది. సంగప్ప పేడును లాగాడు. రాలేదు. వ్యాను ముక్కు బురదలోంచి పైకి తేలింది. మళ్ళీ లాగాడు. రాలేదు. ఆయన ముఖంలో ఏమీ కదలలేదు కానీ, నుదుటి మీది చెమట తుడుచుకోవడం మర్చిపోయాడు.

"ఏమైందే సంగన్నా, నేను భూమ్మీదనే ఉన్ననా?" అన్నాడు మాణిక్.

"భూమ్మీదనే ఉన్నవు బిడ్డా. మెల్లగ పోనీ!"

నాలుగు చక్రాలూ బురదను పట్టుకున్నాయి. వ్యాను గట్టెక్కింది. టైరు కింద నలిగి పలచబడిన పేడును సంగప్ప కడిగి జేబులో వేసుకున్నాడు.

హోటల్ ముందుకు వచ్చేసరికి జనం రోడ్డు మీదే ఉన్నారు. మాణిక్ హారన్ కొడుతూనే ఉన్నాడు. మదన్‌మోహన్ దిగి, గుంజ దగ్గర నిలబడి, బాడిశ పిడికున్న తువ్వాళ్ళన్నీ తీసేశాడు.

"పీక్కో వడ్లాయనా. నేనన్న మాట నేను మింగిన" అన్నాడు. ఆపైన ఊరుకోలేక, "కానీ ఒక్కటి జెప్పు. ఇరుసు ఎనకకు జరిపినట్టే గద ఇది?" అన్నాడు.

"నీ కంటికి ఇరుసు ఎనకకు పోయింది. నా పసుపు మాత్రం పెట్టిన చోటనే ఉన్నది. మొఖమే ముందుకు పోయింది సేఠ్" అన్నాడు సంగప్ప. రెండు చేతులా పట్టి బాడిశను ఒక్క గుంజు గుంజాడు.

"అన్నా, శపథం నీది, బొక్క నా గుంజకు!" అంది గిరిజమ్మ. "దాన్నెవరు పూడుస్తరు?"

సంగప్ప జేబులోంచి తుమ్మపేడు తీశాడు. బాడిశతో రెండు పక్కలా చెక్కి, చీలికలో పెట్టి, బాడిశ వెనక మొద్దుతో దిగ్గొట్టి, పైకి మిగిలింది గుంజతో సమంగా నున్నగా చేశాడు. చేత్తో తడిమి చూసుకున్నాడు.

ఎనభయ్యో దశకమంతా ఆ బండి బొంబాయి రోడ్డు మీద తిరిగింది. డ్రైవర్లు దాన్ని లంబీగాడి, పొడుగు బండి, అనేవాళ్ళు. బీదరు నుంచి ఒక షెడ్డువాళ్ళు వచ్చి, కొలతలు తీసుకుపోతామని అడిగితే సంగప్ప టేపు రెండో కొసను తానే పట్టుకున్నాడు. అన్నీ కొలిచాక, "మీ తాన ఇరుసుకు పసుపు పెడతరా?" అని అడిగాడు. లేదన్నారు. "అయితే మీకు ఇంత తిప్పలుండది. నాదంత మంచి బండి గూడ కాదు" అన్నాడు.

నేను ఆ దారిన ఎప్పుడు పోయినా గిరిజమ్మ హోటల్ దగ్గర దిగుతాను. చాయ్ వచ్చేలోగా గుంజ మీద చెయ్యి వేస్తాను. అతుకు ఎక్కడుందో చేతికి తెలియదు. కంటితో వెతుక్కోవాలి.