దా. స్తెఫను, డా. స్తెఫను

దాసరి స్తెఫను ఇంటిపేరులోని మొదటి అక్షరమే అతని మీదికి నోటీసు తెచ్చింది.

జగ్గయ్యపేటలో మంగళవారం మధ్యాహ్నం ఆ కాగితం అతని చేతికి అందింది. ‘రాష్ట్ర పశువైద్య మండలి రిజిస్టరులో మీ పేరు లేదు. అయినా మీ ఇంటి ముందు బోర్డు మీద “డా. స్తెఫను” అని ఉన్నట్టు ఫొటోతో సహా ఫిర్యాదు అందింది. శుక్రవారం ఉదయం నందిగామ కార్యాలయానికి వచ్చి సంజాయిషీ ఇవ్వగలరు.’ ఫిర్యాదు చేసినవారి పేరు లేదు. నాలుగుసార్లు చదివి, ఐదోసారి చదవబోతే అక్షరాలు అలుక్కుపోయాయి.

అతను డాక్టరు కాడు. ఇరవై రెండేళ్ల కిందట కొన్ని నెలల శిక్షణ పొంది గోపాలమిత్రగా చేరాడు. ఆబోతు వీర్యం చల్లగా నిల్వ ఉంచే నత్రజని క్యాను బండికి కట్టుకుని ఊరూరా తిరగడం, గేదెలకు చూలు నిలిపే ఎద సూదులు, టీకాలు వేయడం, పుండ్లకు కట్టు కట్టడం అతని పని. అదైనా రిజిస్టరైన డాక్టరు పర్యవేక్షణలోనే చేయాలి. జబ్బు ఇదని తేల్చడం, నరానికి మందు ఎక్కించడం అతని హద్దు దాటిన పనులు. శిక్షణ మొదటి వారంలోనే ఆ మాట నోటుపుస్తకంలో రాయించారు. కనుక తెలియదని చెప్పుకునే వీలు అతనికి లేదు.

బోర్డు కథ వేరు. పదకొండేళ్ల కిందట పెయింటరు చిన్నబాబుకు ‘దా. స్తెఫను, గోపాలమిత్ర’ అని చీటీ రాసిచ్చాడు. చిన్నబాబు ‘ద’కు బదులు ‘డ’ వేశాడు. రంగు ఆరాక స్తెఫను చూశాడు, చెరపమనలేదు. “పోన్లే, ఊరంతా అట్లాగే పిలుస్తోందిగా” అన్నాడు. ఆ సాయంత్రం ఏదో పని ఉన్నట్టు నాలుగైదుసార్లు వీధిలోకి వెళ్లి, ఆ బోర్డు కింద నుంచి మళ్లీ ఇంట్లోకి వచ్చాడు.

“చిన్నబాబు తప్పు రాసాడని చెప్పవయ్యా” అంది భార్య జాయిస్, నోటీసు వినగానే. “పోయినోడు లేచొచ్చి కాదంటాడా?”

“నీకు దేవుడి భయం లేదే.”

“ఉంది. పోలీసుల భయం కూడా ఉంది. ఆ బోర్డు కింద నిలబడి పెళ్లికొడుకులా ఫొటో దిగినప్పుడు నీకేది ఉందో?”

స్తెఫను నోటీసు మడిచి జేబులో పెట్టుకున్నాడు. అతన్ని తినేస్తున్న భయం బోర్డు గురించి కాదు. నోటీసులో లేని సంగతి ఒకటుంది. దాన్ని ఎక్కడ అడుగుతారోనని.

పోయిన నెల గౌరవరంలో దుర్గాంబగారి గేదె ఈనిన రెండోరోజు కూలబడింది. చెవులు చల్లబడ్డాయి, మెడ పక్కకు తిప్పుకుంది. ఈనాక ఒంట్లో కాల్షియం పడిపోయి వచ్చే పాలజ్వరమని స్తెఫను చూడగానే పట్టాడు. ఆ ప్రాంతంలో ఎన్ని ఊళ్లకు ఒక డాక్టరున్నారో నిలదీసి అడగవలసిందే. కానీ ఆ ఉదయం నందిగామ పశువుల డాక్టరు పరిమళ పక్క ఊళ్లోనే ఉంది. ఫోను చేస్తే అరగంటలో వచ్చేది. అతను చేయలేదు. చేస్తే, చుట్టూ మూగిన నలుగురి ముందు తాను డాక్టరు కాడని తేలిపోతుంది.

కాల్షియం సీసా తీసి మెడ నరానికి తగిలించాడు. అది చుక్క చుక్కగా, గుండె చప్పుడు వింటూ ఎక్కించవలసిన మందు. అతను ధారగా వదిలాడు. సీసా సగం కాకముందే గేదె ఒక్కసారి విదిలించుకుని, కాళ్లు బారజాపి ప్రాణం విడిచింది.

“నా నొసటి రాత. మీరేం చేస్తారు డాక్టరు గారూ” అంది దుర్గాంబ. చేతులు కడుక్కోమని తానే చెంబుతో నీళ్లు పోసింది.

శుక్రవారం నందిగామ కార్యాలయంలో బల్లకు అవతల ఆ పరిమళే కూర్చుని ఉంది. స్తెఫను చేతులు బల్ల కింద దాచుకున్నాడు.

“ఇంటిపేరు దాసరా? అయితే ‘దా’ అని ఉండాలి.”

“అవునండి మేడం. పెయింటరు పొరపాటండి.”

ఆమె నవ్వింది. “మా అటెండరు నా పేరు ముందు ‘దా’ అని రాస్తాడు. మీరు ఎక్కారు, నేను దిగా.” కాగితం మీద రెండు వరుసలు రాసి, తలెత్తకుండానే అడిగింది: “ఆ పొరపాటు మీ కంటపడింది ఎప్పుడండీ?”

‘నోటీసు వచ్చాకేనండి.’ బస్సులో దారి పొడవునా వల్లెవేసుకున్న జవాబు అది. ఆ ఒక్క మాట అంటే చాలు, ఇంటికి వెళ్లిపోవచ్చు. వెళ్లి సోమవారం మళ్లీ ఏదో ఊళ్లో, ఏదో గేదె మెడ మీద సీసా పట్టుకుని నిలబడాలి. జైలు కంటే ఆ ఊహే అతన్ని ఎక్కువ వణికించింది.

“రంగు ఆరిన రోజే చూసానండి” అన్నాడు. “మేడం, గౌరవరంలో ఒక గేదెకి నేను...”

“ఆగండి.” పరిమళ కలం కింద పెట్టింది. “ఇది నోటీసులో లేదు. మీరు చెబితే నేను రాయాలి. రాస్తే మండలికి పంపాలి. ఆ తర్వాత కేసే పెడతారో, మీ పనే తీసేస్తారో, నా చేతుల్లో ఉండదు. ఆలోచించుకోండి.”

స్తెఫను ఆలోచించలేదు. ఆలోచిస్తే లేచి పారిపోతానని అతనికి తెలుసు. “రాయండి మేడం” అన్నాడు.

ఆమె మూడు పేజీలు రాసింది. చదివి వినిపించి సంతకం పెట్టించుకుంది. మండలి తేల్చేదాకా ఏ పశువునూ ముట్టవద్దని, సీసాలూ సెలైను గొట్టాలూ రేపే తెచ్చి అప్పగించమని చెప్పింది.

“మరి దుర్గాంబగారికి ఎవరు చెబుతారండి?”

“మండలి నుంచి నోటీసు వెళ్తుంది. ఈలోపు మీ నోటితో వింటే మంచిది. కొడతారేమో, అది మాత్రం నేను ఆపలేను.”

మధ్యాహ్నం జగ్గయ్యపేట బస్సు ఎక్కాడు. కండక్టరు వచ్చి “పేటేగా?” అంటూ మిషను నొక్కబోయాడు.

స్తెఫను ముందు సీటు కడ్డీని గట్టిగా పట్టుకున్నాడు.

“కాదండి. గౌరవరం.”