మోరీ మీద బండ, బల్ల మీద రొట్టె

మా చర్చి ముందరి మోరీ ఇప్పుడు కంపు కొట్టదు. దాని మీద సిమెంటు బండలు పరిచారు. ఆదివారం తెల్లచీరలు కట్టుకొని వచ్చే ఆడవాళ్లు కుచ్చిళ్లు ఎత్తిపట్టుకోకుండా దర్జాగా దాటిపోతారు. చూసినవాళ్లంతా సంఘం ఐకమత్యంగా ఉండబట్టే అయిన పని అని మెచ్చుకుంటారు. నాకు మాత్రం ఆ బండ మీద కాలు పెట్టాలంటేనే రోత. మోరీ తెరిచి ఉన్నప్పుడు పుట్టని రోత మూశాక పుట్టింది. ఎందుకో చెప్పాలంటే మా అత్త చేసే రొట్టె సంగతి చెప్పాలి.

మాది సోలాపూరులో దాజీ పేట్ వెనక సందు. మా ఆయన పవర్‌లూమ్ కార్ఖానాలో టవళ్లు నేస్తాడు. నేను ఒక చిన్న మరాఠీ బడిలో పాఠాలు చెబుతాను. అత్త ఇంట్లో కూర్చొని బీడీలు చుడుతుంది. సందులో సగం ఇళ్లలో ఆడవాళ్ల పని అదే. హిందువుల ఇళ్లా, మా నాలుగైదు క్రైస్తవుల ఇళ్లా అన్న తేడా బీడీకి లేదు. అందరూ ఒకే అరుగు మీద చాటలు ఒళ్లో పెట్టుకొని తునికాకు కత్తిరిస్తారు, తంబాకు, అదే పొగాకు, పోసి చుడతారు, కోడళ్ల మీద చాడీలు చెప్పుకుంటారు. నా మీద అత్త ఏం చెప్పేదో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు.

నెలకోసారి, మొదటి ఆదివారం, చర్చిలో ప్రభు బల్ల ఉంటుంది. రొట్టె ముక్కలు చేసి, ద్రాక్షరసంతో పాటు అందరికీ పంచుతారు. ఆ రొట్టె చేయడం అత్త పని. నేను కోడలిగా రాకముందు నుంచీ ఆమెదే. ఆమెకు చదువు రాదు. పాట ఎత్తుకోలేదు. నలుగురిలో ప్రార్థన చేయమంటే నాలుక పిడచకట్టుకుపోతుంది. స్త్రీల సమాజం కూటాల్లో వెనక గోడకు ఆనుకొని కూర్చుంటుంది. దేవుని దగ్గర ఆమెకంటూ ఉన్న చోటు ఆ రొట్టె ఒక్కటే.

శనివారం మధ్యాహ్నానికే చాట తీసి అటక మీద పెట్టేసేది. గోళ్లు కత్తిరించుకునేది. నానబెట్టిన చింతపండులో రాళ్లుప్పు కలిపి మోచేతుల దాకా తోముకునేది. తంబాకు వేళ్ల సందుల్లో ఎంత మొండిగా పట్టుకుంటుందో ఆ పని చేసినవాళ్లకే తెలుసు. కడుక్కున్నాక రెండు చేతులూ తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టేది.

"వాసన జూడు బిడ్డా. వస్తున్నదా?"

"వస్తలేదు అత్తా."

"మంచిగ జూడు. దేవుని పని."

ఒకసారి ఆటపట్టించడానికి కొంచెం వస్తోందన్నాను. పాపం, మళ్లీ మొదటి నుంచీ తోముకొని వచ్చింది. చేతులు ఎర్రగా కందిపోయాయి. నా ఆటకు నాకే సిగ్గేసింది, ఇంకెప్పుడూ అలా అనలేదు. వాసన లేదని నేను చెప్పాకే గోధుమపిండి కలిపి, కర్ర వాడకుండా, జొన్న రొట్టె కొట్టినట్టే అరచేత్తో తట్టి చేసేది. రొట్టె అంచు చుట్టూ ఆమె వేళ్ల గుర్తులు పడేవి. ఆదివారం అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, దాన్ని పైకెత్తి పట్టుకున్నప్పుడు అత్త తల వంచుకునేది. ఆ ఒక్క నిమిషం ఆమె ముఖం చూడాలి, అంతే.

ఇక మోరీ. వానాకాలం వస్తే అది పొంగి చర్చి మెట్ల దాకా వచ్చేది. ఇటుకలు వేసుకొని, వాటి మీద కాళ్లు పెట్టుకుంటూ ప్రార్థనకు వెళ్లేవాళ్లం. ఒకసారి పాట మధ్యలో చచ్చిన ఎలుక గుమ్మం దగ్గరికి తేలి వచ్చింది. నాకు మరాఠీ రాయడం వచ్చు గనక సంఘ కమిటీకి నన్ను కార్యదర్శిని చేశారు. అర్జీలు రాసి రాసి నా వేళ్లు పడిపోయాయి గానీ కార్పొరేషన్ నుంచి మనిషి రాలేదు. చివరికి వార్డు కార్పొరేటరు ఒకరోజు వచ్చి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకొని నిలబడి, సంగతేమిటో తేల్చేశాడు. వార్డులో తంబాకు వ్యతిరేక ర్యాలీ పెడుతున్నారట. మీ ఆడవాళ్లు తెల్లచీరల్లో వరుస తప్పకుండా నడుస్తారు, వాళ్లను పంపండి, మోరీ నేను చూసుకుంటాను అన్నాడు.

మా సంఘంలో ఆడవాళ్లంటే సగానికి సగం బీడీలు చుట్టేవాళ్లు. ఆ మాట ఎవరైనా అంటారేమోనని చూశాను. అయ్యగారు మంచివాడే, కానీ ఎదుటివాడి గొంతు పెరిగితే ఈయన గొంతు తగ్గిపోతుంది. ఆయన పక్కన మా సంఘ పెద్ద ఉన్నాడు. ఆయనే ముందుగా తల ఊపి, తప్పకుండా వస్తారని మాట ఇచ్చేశాడు. ఈ సంఘ పెద్ద వారమంతా చేసే ఉద్యోగం బీడీ కంపెనీలో చెకర్ పని. మా సందు ఆడవాళ్లు చుట్టి తెచ్చిన కట్టలను నలిపి చూసి, నచ్చనివి పనికిరావని పక్కన పడేసేది ఆయనే. పక్కన పడ్డ వాటికి కూలి రాదు.

ర్యాలీ కుంఠా నాకా దగ్గర మొదలై అశోక్ చౌక్ దాకా నడిచింది. ఎండ మాడ్చేస్తోంది. అత్త చేతికి ఒక అట్ట బోర్డు ఇచ్చారు. దాని మీద మరాఠీలో ఏదో రాసి ఉంది.

"ఏమని రాసిన్రు బిడ్డా?"

"తంబాకు మనుషులను చంపుతది అని."

అత్త బోర్డు తిప్పి చూసింది. "అయితే రేపటికెల్లి మన పని బందా?"

"కాదు."

"మరి గిదెందుకు మోసుడు?"

"మోరీ కోసం అత్తా."

"ఆఁ, అట్ల జెప్పు," అని బోర్డు భుజానికెత్తుకుంది. దారిలో మా సందు హిందూ ఆడవాళ్లు అరుగుల మీద బీడీలు చుడుతూ కూర్చొని, తమతో రోజూ చుట్టే మనిషి ఇలా బోర్డు పట్టుకొని పోతుంటే కొంగులు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వారు. ఒకామె చాట పైకెత్తి చూపించి, "వదినే, సాయంత్రం వస్తవా, ఇడ్సిపెట్టినవా?" అని అడిగింది. అత్త కూడా నవ్వేసింది. ఆ రోజు అందరం నవ్వుకున్నాం. ఫొటోలు దిగాం. నెల తిరగకుండా మోరీ మీద బండలు పడ్డాయి. సంతోషించాను, అబద్ధమెందుకు?

అసలు రోత ఆ తర్వాత జరిగిన కమిటీ కూటంలో. టీలు తాగాక సంఘ పెద్ద అత్త రొట్టె సంగతి ఎత్తాడు.

"అక్క మంచిది. నేను కాదంటలేను. కానీ మనమే తంబాకు వద్దని బోర్డులు పట్టుకొని తిరిగితిమి. ఇప్పుడు తంబాకు చేతులతోని చేసిన రొట్టె బల్ల మీద పెడితే మన సాక్ష్యం ఏముంటది? లోకం ఏమంటది? బేకరీ రొట్టె తెస్తే సాఫ్‌గ ఉంటది. కోసుడు నేను చూసుకుంట."

గురివింద గింజ సామెత నాకు అక్కడే గుర్తొచ్చింది. ఉండబట్టలేక అడిగాను. "మీరు కూడా రోజంతా తంబాకులనే కదన్నా ఉండేది?"

"నాది చెకింగ్ చెల్లే," అన్నాడు, పిల్లకు అర్థమయ్యేలా చెబుతున్నట్టు. "చుట్టుడు నాది కాదు. నాది ఆఫీసు పని."

ఈ చర్చి గోడలకు ఇటుకలు ఎలా వచ్చాయో ఆయనకు తెలియదా? బీడీలు చుట్టే ఆడవాళ్లు వారం వారం కూలిలోంచి తీసి పెట్టిన కానుకలతో వచ్చాయి. అప్పుడు ఆ చేతులకు వాసన లేదు. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదే. ఇదంతా నేను గట్టిగా అన్నానా? అనలేదు. అయ్యగారి వంక చూశాను. ఆయన ఫ్యాను వంక చూస్తున్నాడు. మా ఆయన చెల్లెలి పెళ్లి ఆ చర్చిలోనే జరగాలి, అత్త కట్టలు ఆ చెకర్ చేతి కిందికే పోవాలి. ఇవన్నీ ఒక్క క్షణంలో నా బుర్రలో తిరిగాయి. పెన్ను తీసి తీర్మానం రాశాను. అంతటితో ఆగిందా? గుమ్మం దగ్గర శానిటైజర్ సీసా పెట్టాలన్నారు, దాని పైన కాగితం అంటించాలన్నారు. తంబాకు పని చేసేవారు చేతులు శుభ్రం చేసుకొని లోపలికి రావలెను అని తెలుగులో, మరాఠీలో, గుండ్రని అక్షరాలతో రాసింది నేనే. నా దస్తూరి బాగుందని సంఘ పెద్ద మెచ్చుకున్నాడు. తూ, నా బతుకు.

ఇంటికి వచ్చి అత్తకు చెప్పాను. ఆమె కొట్లాడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. చేతిలో ఉన్న బీడీకి దారం చుట్టి, తుంపి, కట్టలో పెట్టింది.

"నిజమే గదా బిడ్డా," అంది. "ఎంత కడిగినా తంబాకు తంబాకే."

ఆ వారమంతా ఆమె కట్టలు ఇవ్వడానికి బీడీ కంపెనీకి పోలేదు. మోకాలు నొప్పి అని నన్ను పంపింది. శనివారం బడి అయిపోయాక కట్టలు సంచిలో వేసుకొని పోయాను. సంఘ పెద్ద చెక్క బల్ల మీద బాసింపట్టు వేసుకొని కూర్చున్నాడు. చుట్టూ తంబాకు బస్తాలు. లోపలికి అడుగు పెట్టగానే తుమ్ములు వచ్చాయి. ఆయన నాకంటే ముందొచ్చిన ఆమె కట్టలు ఒక్కొక్కటే తీసి, బొటనవేలితో నొక్కి, ముక్కు దగ్గర పెట్టుకొని, నాలుగు బీడీలు అటు, రెండు బీడీలు ఇటు విసిరేస్తున్నాడు. వేళ్లు పసుపురంగుకు తిరిగి ఉన్నాయి, గోళ్ల కింద నల్లగా ఉంది. ఆయన వెనక, మూతి విప్పిన ఒక తంబాకు బస్తా మీద, కాగితంలో సగం చుట్టిన బేకరీ రొట్టె ఉంది.

నా వంతు వచ్చాక, నేను దాని వంక చూడడం ఆయన చూశాడు.

"రేపటి బల్లకు," అన్నాడు. "పొద్దున్నే తెచ్చి పెట్టిన. ఈ లెక్క అయిపోంగనే చర్చికి వోయి కోసేస్త." చేతులు ప్యాంటుకు తుడుచుకొని, రొట్టె జారిపోతోందని దాన్ని బస్తాలోకి ఇంకొంచెం అదిమి పెట్టాడు.

మాట నోటి దాకా వచ్చింది. అప్పటికి అత్త కట్టలు సగమే చూసి ఉన్నాడు. మిగతావి ఆయన ఒళ్లో ఉన్నాయి. ఖాళీ సంచి మడత పెట్టుకున్నాను. అన్నీ చూశాక, "అక్క చేయి మంచిది, ఒక్కటి పోలేదు," అని నవ్వాడు. నేను కూడా నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నాకు మూతి కడుక్కోవాలనిపిస్తుంది.

ఇంటికి వచ్చేసరికి అత్త చింతపండు నానబెట్టి కూర్చుంది. చేయాల్సిన రొట్టె లేదు. అయినా చాట అటకెక్కించింది, గోళ్లు తీసుకుంది, మోచేతుల దాకా తోముకుంది. ఎందుకత్తా అంటే, తినేటప్పుడైనా చేతులు మంచిగుండాలె గదా అంది. నా ముక్కు దగ్గర పెట్టింది. చింతపండు పులుపు తప్ప ఏ వాసనా లేదు. లేదని చెప్పాను. కంపెనీలో చూసింది మాత్రం చెప్పలేదు. చెబితే ఆమె బల్ల దగ్గరికే రాదేమోనని భయపడ్డాను.

ఆదివారం గుమ్మం దగ్గర ఆమె నేను రాసిన కాగితం ముందు ఆగింది. చదవలేదు, చదవడం రాదు. సీసా ఎందుకుందో మాత్రం తెలుసు. రెండు సార్లు నొక్కి, చేతులకు రాసుకొని లోపలికి వచ్చింది. పళ్లెం మా వరుసకు వచ్చింది. పట్టుకొని తిప్పుతున్నది సంఘ పెద్దే. తెల్లచొక్కా, నూనె రాసి దువ్విన తల, వంచిన కళ్లు. చెప్పేవి శ్రీరంగనీతులు అని మిగతాది మింగేస్తాం గదా, నేను కూడా మింగాను. ముక్క తీసుకున్నాను. నోటి దగ్గరికి తేగానే గుప్పుమని తంబాకు. కంపెనీలో తుమ్ములు తెప్పించిన అదే ఘాటు. అందరూ చూస్తున్నారని గబుక్కున తినేశాను. నాలుక మీద చేదు తగిలింది.

అత్త వంక చూశాను. ఆమె ముక్కను పెదవుల దాకా తెచ్చి ఆగిపోయింది. వాసన చూసింది. తర్వాత తన వేళ్లు వాసన చూసుకుంది. మళ్లీ ముక్క. ఎవరూ గమనించకుండా దాన్ని కొంగులో ముడి వేసుకొని, ద్రాక్షరసం గిన్నె వస్తే వద్దని తల ఊపింది. నేను పెళ్లయి వచ్చిన నాటి నుంచీ ఆమె బల్ల వదులుకోవడం చూడలేదు.

ఇంటికి వచ్చాక చాప మీద కూర్చొని కొంగు ముడి విప్పింది. ముక్కను నా ముందు పెట్టింది.

"వాసన జూడు."

"వస్తున్నది అత్తా. ఆ రొట్టెకే ఉన్నది. నిన్న కంపెనీల తంబాకు బస్తా మీద ఉండె. నా కళ్లతోని చూసిన. ఆయన చేతులతోనే కోసిండు."

"అట్ల నింద వెయ్యకు బిడ్డా. దేవుని పని చేసేటోడు." నా చేయి పట్టుకొని మెల్లగా నిమిరింది. "నిన్న నువ్వు వాసన వస్తలేదన్నవ్. నా మీది ప్రేమతోని అన్నవ్. నాకు తెల్వదా?"

"ఒట్టు అత్తా. నీ చేతులకు లేకుండె. నా ముక్కకు గూడ అదే వాసన వచ్చింది."

"నా పక్కకు కూసున్నవ్ గదా," అంది.

ముక్కను పారేయలేక తీసుకెళ్లి గోడ గూట్లో పెట్టింది. తర్వాత జొన్నపిండి గిన్నె నా ముందుకు జరిపి, ఇకమీదట ఇంట్లో రొట్టెలు కూడా నన్నే చేయమంది.