బియ్యం డబ్బల దాచిన గోలీలు

రాస్తున్నవా బిడ్డా? నేను ఉరికినట్టు చెప్త, నువ్వు జర నిమ్మలంగనే రాయి.

మీ తాతకు కడుపుల క్యాన్సర్ అని తేలినప్పుడు మేం మందమర్రిల, బొగ్గుబాయి క్వార్టర్ల ఉంటుంటిమి. ఇగ ఈయనతోని బాయి పని కాదని డాక్టర్లు రాసిస్తే గా నౌకరి మీ బాపుకు వస్తది. కాయిదం మీద ఒక్క సంతకమే ఆగి ఉండె.

గప్పుడే పెద్ద దవాఖాన డాక్టరమ్మ నొప్పికి మార్ఫిన్ గోలీలిచ్చింది. పెద్ద బుక్కుల మీ తాత పేరు రాసి, నాతోని ఏలిముద్ర ఏయించింది. "అమ్మా, ఇవి మత్తుమందుల చట్టం కిందికొస్తయి. వేరేటోళ్లకు ఇయ్యద్దు, మిగిలితే వాపస్ తేవాలె. నాలుగు గంటలకొకటి తప్పకుంట ఎయ్యి" అన్నది.

నా మనసుల చట్టం అన్న మాటే కూసున్నది. మా ఎనుక లైనుల ఒకాయనను గంజాయి కేసుల జీపుల ఏసుకపోయి అప్పటికి నెల కాలే. ఈయన మత్తు గోలీలు మింగుతుండని తెలిస్తే కాయిదం ఆపుతరు, కొడుకు నౌకరి పోతదని పరేషాన్ అయిన. గోలీలు బియ్యం డబ్బల దాచి, డాక్టరమ్మ ఇచ్చినయి ఇవేనని చెప్పి జరం గోలీలు ఇచ్చిన.

"ఏమే, నీ డాక్టరమ్మ సున్నపు బిళ్ళలిచ్చిందా ఏంది? ఏం పనిజేస్తలేవు."

"నోరు మూసుకొని మింగరాదు! బాయిల అందర్ని గదమాయించినోనివి, గింత నొప్పికే లొల్లి చేస్తున్నవ్."

నవ్విండు. నవ్వంగనే నొప్పి ఇంకింత లేచింది. తువ్వాల పండ్ల నడుమ కరిసిపట్టి గోడ దిక్కు తిరిగిండు. గిట్ల పదకొండు దినాలు.

సంతకం పడ్డదని మీ బాపు ఉరికొచ్చి చెప్పంగనే డబ్బల చెయ్యి పెట్టి గోలీలు తీసిన. అప్పటికే ఆయనకు మింగుడు బందైంది. నీళ్లు గూడ చెంపల పొంటి కారిపోయినయి. తెల్లారి పానం పోయింది.

దినకర్మలు అయినంక గోలీలు వాపస్ కొండవోయిన. డాక్టరమ్మ లెక్క సూసింది. ఒక్కటి తక్కువ లేదు.

"ఎందుకియ్యలేదమ్మా?" అని అడిగింది. చట్టమంటే భయపడ్డది, కొడుకు నౌకరి పోతదనుకున్నది చెప్పిన.

"గా చట్టం దొంగతనంగ అమ్ముకునేటోళ్లను పట్టనీకి. ఇవి ఈయన పేరు మీద రాసినయి, ఈయన మింగనీకే. నౌకరికి, దీనికి ఏం సంబంధం?"

గా మాట గామెను ముందుగాలనే అడిగితే అయిపోతుండె. అడగలే.

మీ తాత ఆఖరుదాక డాక్టరమ్మనే తిట్టిండు. నేను పక్కపొంటి కూసుండి ఊ కొట్టిన. మీ బాపు గూడ ఇప్పటిదాక గామెనే తిడతడు. నాకు చెప్పనీకి నోరు రాలే బిడ్డా. నువ్వు రాసింది ముందుగాల మీ బాపుకే సదివి ఇనిపియ్యి. నేనిక్కడనే కూసుంట.